నోటుబుక్కులో మునగాకు

పీజీ చదివిన రెండేళ్ళూ ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఒక కిరాయి గదిలో ఉన్నాను. గదిలో ఇద్దరమే. నాది బోనకల్. నా స్నేహితురాలిది బూర్గంపాడు అవతల, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. ఇద్దరం ఎమ్మెస్సీ జంతుశాస్త్రమే. ఒక చిన్న గ్యాసు పొయ్యి, ఒక కుక్కరు, రెండు కంచాలు, రెండు మంచాలు. వంట విషయంలో మాత్రం బద్ధకం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

పొద్దున ఆరున్నరకు నల్లా వచ్చేది. బిందెలు నింపి, స్నానాలు చేసి, జడలు వేసుకునేసరికి షేర్ ఆటోల టైము అయిపోయేది. కాబట్టి టిఫిన్ అనే మాట మా గదిలో వినపడేది కాదు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, మా అమ్మ పంపిన మామిడికాయ తొక్కు. సాయంత్రం మూలమలుపు దగ్గర మిర్చి బండి. రాత్రికి మళ్ళీ అన్నం, అదే తొక్కు. మనసు బాగుంటే ఒక ఆమ్లెట్టు. ఓనరమ్మ ఇంట్లో ఫోనుండేది. వారానికోసారి మా అమ్మ దానికి చేసి, ఏం కూర వండుకున్నారని అడిగేది. ఆ పూట ఎదురింట్లోంచి ఏ తాళింపు వాసన వస్తే ఆ కూర పేరు చెప్పేదాన్ని. ఒకసారి ఎదురింటివాళ్ళు చేపల పులుసు పెట్టుకున్నారు. మా అమ్మ చాలా సంతోషించింది.

నా స్నేహితురాలి వాళ్ళమ్మ మాత్రం నమ్మకంగా సామాను పంపేది. జొన్నపిండి, కందిపప్పు, ఎండబెట్టిన చింతచిగురు. వచ్చిన కొత్తలో ఆమె ఒకరోజు గట్క, అంటే జొన్న సంకటి, వండుతానని పిండి తీసింది. నేను నవ్వాను. "గట్కనా? మా ఇంట్లో మా తాత కాలంలోనే మానేసినం" అన్నాను. ఆమె సంచి మూతి కట్టి మంచం కిందికి నెట్టింది. మూడు నెలలకు దానికి పురుగు పడితే ఇద్దరం కలిసి ఓనరమ్మ కోళ్ళకు వేశాం. ఆ యేడు మా వీధిలో బలమైన తిండి తిన్నది ఆ కోళ్ళే.

మాకు పోషకాహారం పేపరు చెప్పే మేడమ్ ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు నడిచేది. భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో, ఆమె ఒక్కతే ఖమ్మంలో ఉండేది. మాంసకృత్తుల గురించి ఆమె చెప్తుంటే ఆకలేసేది. అంత బాగా చెప్పేది. ఒకరోజు క్లాసులో అందరికీ ఒక పని పెట్టింది. రెండు వారాలపాటు ఎవరేం తిన్నారో ఏ పూటకాపూట నోటుబుక్కులో రాయాలి. నీళ్ళు తాగినా రాయాలి. పదిహేనో రోజు నోటుబుక్కులు ఆమెకివ్వాలి.

నా స్నేహితురాలు ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. రోజూ పడుకునే ముందు రెండు లైన్లు రాసి, నోటుబుక్కు దిండు కింద పెట్టుకునేది. నేను ఇంకా టైముంది కదా అనుకున్నాను. పద్నాలుగో రోజు సాయంత్రం, మిర్చి బజ్జీల పొట్లం ముందేసుకుని, పద్నాలుగు రోజుల తిండి ఒక్క బిగిన కూర్చుని రాశాను. అలా రాయడంలో ఒక సుఖముంది. వండక్కర్లేదు, గిన్నెలు తోమక్కర్లేదు. సోమవారం రాగిజావ, పుంటికూర పప్పు. మంగళవారం జొన్నరొట్టె, మునగాకు పప్పు, పెసల మొలకలు, మజ్జిగ. బుధవారం బోడకాకర. గురువారం నాడు నాకే నోరూరి ఒక ఉడకబెట్టిన గుడ్డు కలిపాను.

స్నేహితురాలు నా భుజం మీదుగా చూసింది.

"మంగళారం మునగాకు తిన్నమా మనం?"

"రోజూ ఆ చెట్టు కిందికెళ్ళే కదా పోతున్నం" అన్నాను. ఓనరమ్మ గేటు పక్కన పెద్ద మునగ చెట్టుండేది.

"చెట్టు కిందికెళ్ళి పోతే తిన్నట్టేనా?"

"గాలి తగిలింది కదే. నువ్వు కూడ రాసుకో, ఎవరొచ్చి చూస్తరు?"

"నేను తిన్నదే రాసిన" అంది ఆమె, బజ్జీ తుంచుకుంటూ.

మరుసటి వారం మేడమ్ నోటుబుక్కుల కట్టతో క్లాసుకొచ్చింది. పేర్లు చెప్పనంటూ రెండు నోటుబుక్కులు పైకి తీసింది. మొదటిది చదివింది. "సోమవారం. పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం, మామిడికాయ తొక్కు. సాయంత్రం మిర్చి బజ్జీలు మూడు. రాత్రి అన్నం, తొక్కు, సగం ఉల్లిగడ్డ. మంగళవారం, సోమవారం లాగే. బుధవారం, సోమవారం లాగే. గురువారం, సోమవారం లాగే, బజ్జీలు మాత్రం నాలుగు." క్లాసంతా పగలబడి నవ్వింది. మేడమ్ నవ్వలేదు. ఇది తిండి కాదు శిక్ష అంది. ఇట్లా తినేవాళ్ళు పరీక్షలు రాయరు, పరీక్ష హాల్లో పడిపోతారంది.

అది ఎవరి నోటుబుక్కో నాకు తెలుసు. ఆ అన్నం, ఆ తొక్కు, ఆ బజ్జీలు నావి కూడా. అయినా నేను నవ్వాను. నా పక్కనే కూర్చున్న స్నేహితురాలు మెడ వంచి బల్ల మీద గీతలు చూస్తోంది. నేను మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువే నవ్వానని తర్వాత ఆమె అంది. నిజమే.

రెండోది నాది. చదువుతుంటే మేడమ్ గొంతు మారింది. కిరాయి గదిలో ఉంటూ, ఎవరూ చెప్పకుండానే ఇంత బాగా వండుకు తినే ఆడపిల్ల ఉందంటే తనకే సిగ్గేసిందంది. దీని విషయంలో మాత్రం పేరు దాచనని చెప్పి, నన్ను లేపి నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

"నాకు జొన్నరొట్టె చేసుడు రాదమ్మా" అంది మేడమ్. "డాక్టరు జొన్నలు తినమన్నడు. ఈ ఆదివారం మధ్యాహ్నం మీ గదికొస్త. ఆ మంగళవారం నాడు వండినవే మళ్ళీ వండు. నేర్చుకుంట."

నేను సరే మేడమ్ అన్నాను.

షేర్ ఆటోలో స్నేహితురాలు నాకు దూరంగా, డ్రైవరు పక్కన కూర్చుంది. గదిలోకి రాగానే చెప్పులు విడిచి, ఆదివారం తాను ఊరికి పోతున్నానని చెప్పింది. మా ఇద్దరిలో జొన్నపిండిని ముట్టుకున్న చేతులు ఆమెవే. నేను బతిమాలాను. జడ వేస్తానన్నాను. నెల రోజులు గిన్నెలు నేనే తోముతానన్నాను. ఆమె ప్రాక్టికల్ రికార్డులో కప్ప బొమ్మలన్నీ నేనే గీస్తానన్నాను. కప్ప బొమ్మల దగ్గర ఆమె కొంచెం మెత్తబడ్డట్టనిపించింది. కానీ ఒప్పుకోలేదు. ఒక రోజంతా అలాగే ఉండి, గురువారం పొద్దున తనే ఒక షరతు పెట్టింది.

"గట్క మీ తాత కాలంలోనే మానేసినమన్నవ్ కదా. ముందు కూసొని గట్క తిను. మొత్తం తినాలె. అప్పుడు మాట్లాడుదాం."

పిండి కోళ్ళకు పోయింది కాబట్టి, ఇద్దరం బజారుకెళ్ళి జొన్నలు కొని గిర్నీలో పట్టించాం. ఆ సాయంత్రం ఆమె గట్క వండింది. పక్కన పచ్చిపులుసు చేసింది. తొక్కు సీసా ఎక్కడో దాచింది. నేను శిక్ష అనుభవించే ముఖం పెట్టుకుని మొదటి ముద్ద తీసుకున్నాను. వేడి గట్క, అందులో చల్లటి పుల్లటి పులుసు. రెండో ముద్దకు ముఖం ఎట్లా పెట్టాలో మర్చిపోయాను. గిన్నె ఖాళీ అయింది. ఇంకా కావాలని అడగడానికి సిగ్గేసి, అడుగు మాడిందేమో చూస్తానంటూ కుక్కరు దగ్గరికెళ్ళాను. ఆమె అటు తిరిగి నవ్వుకుంది.

"సరే. ఆదివారం ఉంట" అంది.

శుక్రవారం, శనివారం నాకు రొట్టె నేర్పే ప్రయత్నం జరిగింది. జొన్నపిండిలో సలసల కాగే నీళ్ళు పోసి కలపాలి, చెయ్యి కాలుతుండగానే పిసకాలి, తర్వాత పీట మీద చేత్తో తడుతూ తిప్పాలి. ఆమె తడుతుంటే రొట్టె చందమామలాగా గుండ్రంగా పెరిగేది. నేను తడితే ఒక పక్క జిల్లా పటంలాగా సాగేది, ఇంకో పక్క చీలేది. పెనం మీదికెత్తే లోపు మూడు ముక్కలయ్యేది. రెండు రోజుల్లో నేను చేసిన రొట్టెలన్నీ మళ్ళీ ఓనరమ్మ కోళ్ళకే. ఓనరమ్మ ఏం జరుగుతోందని అడిగింది. మా మేడమ్ భోజనానికొస్తోందని చెప్పాను. మునగాకు కావాలంటే కోసుకోండి కానీ, మేడమ్‌ను తనకూ చూపించాలంది. తన కూతురు ఇంటర్‌లో తప్పిందట, మేడమ్‌తో నాలుగు మంచి మాటలు చెప్పించాలట.

శనివారం సాయంత్రానికి నా ఓపిక అయిపోయింది. రేపటి నుంచి ఎట్లా ఉంటుందో, ఈ ఒక్కసారికి అనుకుని మిర్చి బండి దగ్గరికి బయల్దేరాను. స్నేహితురాలు రానంది, నాలుగు మాత్రం తెమ్మంది. బండి దగ్గర బాగా రష్షుగా ఉంది. నా ముందు ఒకామె ముఖమంతా చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనపడేలా నిలబడి ఉంది. స్కూటరు పక్కన ఆపి ఉంది. "ఆరు కట్టు. కొంచెం మాడినవి వెయ్యి. ఉల్లిగడ్డ ఎక్కువ" అంది. ఆ గొంతు నాకు తెలుసు. మాంసకృత్తుల గొంతు.

నేను వెనక్కి తగ్గబోయాను. అంతలో బండి ఆయన నన్ను చూశాడు. నేను రోజూ వచ్చేదాన్నే కదా. "నీకెప్పట్లెక్కనే ఏడు బజ్జీలా అమ్మా?" అని గట్టిగా అడిగాడు. చున్నీలోంచి రెండు కళ్ళు నా వైపు తిరిగాయి.

బాణలిలో నూనె సుయ్యిమంటోంది.

"మా ఇంటికి చుట్టాలొచ్చిండ్రు" అంది మేడమ్.

"మాకు కూడ మేడమ్" అన్నాను.

ఆమె పొట్లం తీసుకుని స్కూటరెక్కింది. రేపు కలుద్దామనలేదు, నేనూ గుర్తుచేయలేదు. గదికొచ్చి స్నేహితురాలికి చెప్తే, ఆమె మంచం మీద పడి నవ్వి నవ్వి కడుపు పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత అప్పుడే మళ్ళీ మామూలుగా మాట్లాడుకున్నాం.

ఆదివారం పొద్దున మా చర్చిలో పాడే పాటలు ఎఫ్ఎంలో వింటూ మునగాకు కోయడానికి గోడెక్కాను. ఆ యేడు వానలు బాగా పడ్డాయి. వానాకాలంలో మునగ చెట్టుకు గొంగళి పురుగులుంటాయన్న సంగతి జంతుశాస్త్రం చదివే నాకు తెలియాలి. తెలిసింది, కాకపోతే కొమ్మ పట్టుకున్న తర్వాత. కుడి చెయ్యి మోచేతి దాకా దద్దుర్లు లేచి మంట పెట్టింది. కిందికి దూకి కేకలు పెట్టాను. స్నేహితురాలు గోనెసంచితో చెయ్యి రుద్ది వెంట్రుకలు రాల్చింది, తర్వాత కొబ్బరి నూనె పూసింది. తానే పైకెక్కి కొమ్మ వంచి చూసుకుంటూ ఆకు కోసింది. ఇంక ఆ ఆకు దూయడం. మునగాకు ఒక్కొక్కటి గోటికన్నా చిన్నది. రెండు గంటలు దూసినా తట్టెడు కొమ్మలకు పిడికెడు ఆకొచ్చింది. నోటుబుక్కులో అది ఒక్క లైను. అది రాయడానికి నాకు మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

పన్నెండున్నరకు మేడమ్ వచ్చింది. చేతిలో అరటిపళ్ళు. గదిలోకి రాగానే నా ముఖం వైపు కాకుండా పొయ్యి వైపు చూసింది. నేనూ ఆమె ముఖం చూడలేదు. ఓనరమ్మ కొత్త చీర కట్టుకుని, కూతురిని ముందు నిలబెట్టి గుమ్మంలో సిద్ధంగా ఉంది. ఆ పిల్లకు నాలుగు మంచి మాటలు చెప్పడం అయ్యాక మేడమ్ పీట మీద కూర్చుంది.

"చెయ్యి చూద్దాం. ఎట్ల తడ్తవో" అంది నాతో.

ఆ క్షణంలో గొంగళి పురుగు నన్ను కాపాడింది. వాచిన చెయ్యి ముందుకు చాపాను. మీకోసం మునగాకు కోస్తుంటే ఇట్లా అయిందని, ఈ రోజుకు మా ఫ్రెండ్ చేస్తుందని చెప్పాను. మీకోసం అన్న మాట కొంచెం నొక్కి చెప్పాను. స్నేహితురాలు దగ్గింది. ఆ దగ్గు ఎందుకో నాకొక్కదానికే తెలుసు. మేడమ్ అయ్యో అంది. తర్వాత స్నేహితురాలి పక్కన చేరి రొట్టె తట్టడం నేర్చుకుంది. మొదటిది చీలింది. రెండోది చీలింది. మూడోది చీలినా పెనం దాకా చేరింది. మేడమ్ చిన్నపిల్లలాగా సంబరపడింది.

ఆమె తిన్న తీరు నాకిప్పటికీ కళ్ళముందుంది. మునగాకు పప్పు వేసుకుని నాలుగు రొట్టెలు తిన్నది. మాట్లాడకుండా, తల ఎత్తకుండా. పెసల మొలకలు గిన్నెలో ఉన్నవన్నీ ఖాళీ చేసింది. మజ్జిగ తాగి, ఇంట్లో తాను ఒక్కదానికోసం ఏం వండుకుంటానమ్మా అంది. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం కాలేజీ క్యాంటీను, రాత్రికి ఏదో ఒకటి అంది. ఆ ఏదో ఒకటి ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

మేడమ్ వెళ్ళాక నేను గెలిచినట్టు మంచమెక్కి కూర్చున్నాను. స్నేహితురాలు గిన్నెలు నా ముందుకు నెట్టింది.

"బయటపడ్డవ్ లే" అంది.

నిజంగానే బయటపడ్డాననుకున్నాను. పది రోజులు కూడా కాలేదు, ల్యాబులో నెత్తురులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే ప్రాక్టికల్ వచ్చింది. ఇద్దరిద్దరుగా చెయ్యాలి. వేలికి సూది గుచ్చి, ఒక బొట్టు నెత్తురు తీసి గాజు గొట్టంలో ఉన్న యాసిడ్‌లో వెయ్యాలి. అందులో చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు సరిపోయేదాకా చూడాలి. నెత్తురు చిక్కగా ఉంటే నీళ్ళు ఎక్కువ పడతాయి. నా జోడీ స్నేహితురాలే. ఆమె గొట్టం పట్టుకుని చుక్కలు వేసింది. ఎక్కువ వెయ్యలేదు. ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"సరిపోయింది. ఇంక వేస్తే నీళ్ళే మిగుల్తయి."

గొట్టం మీద గీత చూశాను. అట్టడుగున ఉంది. చుట్టూ చూశాను. అందరి గొట్టాలూ నాదానికంటే పైనే ఉన్నాయి. తొక్కుతోనే బతికిన ఆమెది కూడా నాకంటే రెండు గీతలు పైనుంది. రెండు గీతలు ఎక్కువ రాయవే అని గుసగుసలాడాను.

"నోటుబుక్కు నీది, రాసుకో. గొట్టం మాత్రం నేనే పట్టుకున్న" అంది ఆమె.

మేడమ్ వరసగా అందరి లెక్కలూ చూస్తూ మా బల్ల దగ్గరికొచ్చింది. గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే గీత. క్లాసులో అందరికంటే తక్కువ నెత్తురు, వారానికి నాలుగు ఆకుకూరలు తినే అమ్మాయిది. ల్యాబంతా మా వైపే చూస్తోంది. మేడమ్‌కు కోపం రాలేదు. నిజంగానే భయపడింది. కడుపులో పురుగులున్నాయేమో, ఇంకేదైనా పెద్ద జబ్బేమో, రేపే దవాఖానాకు పోదాం, మీ నాన్నకు ఫోన్ చేస్తానంది. నంబరు ఇమ్మంది.

తిట్టి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్నేమో. ఆమె చెయ్యి నా నుదుటి మీద పెట్టి జ్వరముందా అని చూస్తోంది.

"జబ్బేం లేదు మేడమ్. నేను రాసింది తినలే" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"మునగాకు, రాగిజావ అన్నీ ఒక్క సాయంత్రం కూసొని రాసిన. ఆ రోజు మీరు మొదలు చదివిన నోటుబుక్కు ఉంది కదా, సోమవారం లాగే అని. అది మా ఇద్దరిది. ఇద్దరం తినేది అదే. రొట్టెలు కూడ తనే చేసింది. నాకు రాదు."

ఎవరో వెనక నవ్వబోయి ఆగారు. నా స్నేహితురాలు గొట్టం స్టాండులో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ ఆమె వైపు తిరిగి, క్లాసులో అందరి ముందూ, ఆ రోజు నేను నిన్ను తప్పుగా అన్నానమ్మా, ఇచ్చిన పని సరిగ్గా చేసింది నువ్వొక్కదానివే అంది. నన్ను సాయంత్రం స్టాఫ్ రూముకు రమ్మంది.

స్టాఫ్ రూములో ఇంకెవరూ లేరు. నేను ఏడుపు ముఖంతో నిలబడ్డాను. మేడమ్ సొరుగులోంచి ఐరన్ గోళీల అట్ట తీసి ఇచ్చింది. అన్నం తిన్నాక ఒకటి, టీతో కలిపి వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్ళు తాగితే మంచిదని చెప్పింది. నోటుబుక్కుకు సున్నా మార్కులని కూడా చెప్పింది. నేను తలూపాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"ఆ శనివారం మా ఇంటికి చుట్టాలెవరూ రాలే."

"మా గదికి కూడ రాలే మేడమ్."

"ఆరూ నేనే తిన్న" అంది ఆమె, చాక్‌పీసు డబ్బా సర్దుతూ.

ఆ తర్వాత మా గదిలో పెత్తనం స్నేహితురాలిది. ఏం వండాలో ఆమె చెప్పేది, ఆకు దూయడం, గిన్నెలు తోమడం నావి. కప్ప బొమ్మలు కూడా గీయించుకుంది, మర్చిపోలేదు. నేనేమీ మారిపోయి మంచిదాన్నైపోలేదు. బజ్జీలు మానలేదు. ఆమె వారానికి ఒక్క రోజని గీత గీస్తే, ఆ ఒక్క రోజును సోమవారం నుంచి శనివారం దాకా ఎటు కావాలంటే అటు జరిపేదాన్ని. కొన్ని వారాల్లో ఆ ఒక్క రోజు రెండుసార్లు వచ్చేది. కొన్ని ఆదివారాలు మేడమ్ వచ్చేది. ఆమె రొట్టె తడితే నేను కాల్చేదాన్ని. ఎవరి రొట్టె ఎక్కువ చీలుతుందో చూసుకునేవాళ్ళం.

రెండు రోజులు సెలవొస్తే స్నేహితురాలు నన్ను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళింది. భద్రాచలం బస్సెక్కి బూర్గంపాడు దగ్గర దిగి, ఇంకో ఆటోలో పోవాలి. పల్లె వెనకాల నుంచే అడవి మొదలవుతుంది. సన్నగా వాన పడుతోంది. వాళ్ళమ్మ పొలం నుంచి వస్తూ వస్తూ పుట్టకొక్కులు, అంటే పుట్టగొడుగులు, తెచ్చింది. వాటిని కడిగి, ఉల్లిగడ్డ, కారం వేసి కూర చేసి, గట్కతో పెట్టింది. నేను మూడుసార్లు అడిగి వేయించుకున్నాను, ఈసారి కుక్కరు అడుగు చూసే వంక పెట్టకుండానే. చూరు కింద వాళ్ళ నాయనమ్మ కూర్చుని ఉంది. ఆమెకు మాతో మాట్లాడాలని ఉంది. మీరిద్దరూ ఏం చదువుతున్నారే అని అడిగింది. చాలా చదువుతాం, తిండి గురించి కూడా ఒక పుస్తకముంది అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది.

"తిండి గురించి చదువుడేంది బిడ్డా, తినుడే కదా" అంది.

జవాబు స్నేహితురాలు అందుకుంది.

"ఈమె రాసుడు కూడ రాస్తది నానమ్మా. మంచిగ రాస్తది" అంది. నేను ఆమె కాలు తొక్కాను.

ఫైనలియర్‌లో మళ్ళీ అదే ప్రాక్టికల్ వచ్చింది. ఈసారి నా గొట్టంలో నీళ్ళు బాగానే పట్టాయి. గీత అందరికంటే పైకేమీ పోలేదు కానీ, నడిమిట్లో మర్యాదగా నిలబడింది. స్నేహితురాలిది నాకంటే ఒక గీత పైనే ఉంది.

పరీక్షలయ్యాక బోనకల్ వచ్చేశాను. ఇంట్లో మొదటి ఆదివారం, చర్చి నుంచి రాగానే, వంట నేను చేస్తానన్నాను. మా అమ్మ భయపడింది. జొన్నపిండి గురించి అడిగితే, డాక్టరు ఏమన్నా చెప్పాడా, షుగరొచ్చిందా అంది. పక్కింటివాళ్ళ పెరట్లోంచి మునగ కొమ్మలు తెచ్చాను. ఈసారి పురుగులు చూసుకునే కోశాను. రొట్టెలు ఐదు చేస్తే రెండు చీలాయి. చీలినవి నా కంచంలో వేసుకుని, మంచివి మా నాన్నకు పెట్టాను. ఆయన రైల్వేలో పని చేసి చేసి ఏ పూటకాపూట దొరికింది తినడం అలవాటైన మనిషి. కంచంలో పచ్చగా ఉన్నదాన్ని వేలితో కదిపి చూశాడు.

"మేకలకేసేది నాకెందుకే?" అన్నాడు.

ముందు తినమన్నాను. ఆయన ఒక తుంచు తిన్నాడు. ఇంకో తుంచు తిన్నాడు. మా అమ్మ ఎదురుగా నిలబడి, ఆయన ముఖంలో ఏదైనా కనపడుతుందేమోనని చూస్తోంది. ఏమీ కనపడనివ్వలేదు. మూడు రొట్టెలూ అయిపోయాక నా కంచం వైపు చూసి, ఆ చీలినదొకటి ఇటు వెయ్యమన్నాడు. వేశాను. అదీ తిని, పప్పు గిన్నె వంచుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఎట్లా ఉందని మా అమ్మ అడిగింది.

"చదువైతే బాగానే చెప్తున్నట్టున్నరు" అన్నాడు నాన్న, తువ్వాలుకు చెయ్యి తుడుచుకుంటూ.